జోళ్ళు అరిగేలోగా

గ్రీసు దేశం వెళ్ళొచ్చానని తెలియగానే అందరూ ముందు అడిగేది అక్కడ కొండమీది పాత స్తంభాల గురించి. నేను చూడలేదు. దూరం నుంచి కనిపించాయి, అంతే. దగ్గరికి వెళితే టికెట్టు అడుగుతారని ఎవరో చెప్పారు. కొండా, రాళ్ళూ, సముద్రం ఊరికే చూడాలంటే మాకు డాల్ఫిన్ నోస్ కొండ ఉంది, పైకెక్కితే అవతల యారాడ పల్లె కూడా కనిపిస్తుంది. కాబట్టి స్తంభాల కోసం ఇది చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను వెళ్ళింది పని వెతుక్కోవడానికి. ఆ దేశం భాష ఒక్క ముక్క రాకుండా వెళ్ళాను. అక్కడ తిన్న తిండీ, తిన్న తిట్లూ, పోగొట్టుకున్న జోళ్ళూ, వీటి గురించి రాస్తాను.

వన్ టౌన్

అప్పటికి నేను పోర్టులో వించి డ్రైవర్ని. ఓడ లోపలి సరుకుని పైకి లేపి గట్టుమీద దించే యంత్రాన్ని వించి అంటారు. పేరుకి డ్రైవరే గానీ ఓడ వస్తేనే కూలి, రాకపోతే ఇంట్లో కూర్చుని రత్నం చేత మాటలు పడటం. రత్నం నా భార్య. స్టీల్ ప్లాంటు వచ్చిందంటే ఇంటికో ఉద్యోగం అని వాళ్ళ అన్న యాకోబు బావ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు. అప్పటికి ప్లాంటు అంటే ఒక శంకుస్థాపన రాయి, దాని చుట్టూ మేస్తున్న మేకలు.

"ఆగు బావా, ప్లాంటు వచ్చీస్తాది. నీకేటి తొందర?" అనేవాడు.

"ముందు ఆ మేకలకి ఇచ్చీమను ఉద్యోగాలు. మిగిలితే నాకు సూద్దాం," అనేవాణ్ణి.

ఇలా ఉండగా బొంబాయి ఏజెంటు ఒకడు కబురు పంపాడు. గ్రీకు ఓడలో వించి పని ఉంది, అక్కడి పిరయస్ రేవుకి చేరితే చాలు, మనిషి వచ్చి ఎక్కించుకుంటాడు అని. ఆ మాట పట్టుకుని మా పేట, వన్ టౌన్ అంతా సంబరం చేసేసింది. చర్చిలో నాకోసం ప్రార్థన చేశారు. మా పాస్టరు గారి ప్రార్థన ఎంత పొడుగంటే, ఆమేన్ అనేలోగా నేను వెళ్ళి తిరిగొచ్చేయొచ్చు. తర్వాత దండ వేశారు, స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించారు, వేట మాంసం వండారు. అక్కడే వచ్చింది చిక్కు. మెడలో దండ పడ్డవాడు ఉత్తచేతులతో తిరిగొస్తే మార్కెట్టు చివరిదాకా నవ్వుతారు. పోర్టులో పని కూడా మానేశానాయె. ఇక నాకు ముందుకే గానీ వెనక్కి దారి లేదు.

ప్రయాణానికని మా సందు చివర అప్పన్న చేత నల్ల తోలు బూట్లు కుట్టించాను. మా ఇంట్లో కాళ్ళకి వేసుకునేవన్నీ జోళ్ళే, బూట్లయినా సరే. "సలి దేశంలో కాళ్ళు వాసిపోతాయి బాబూ, ఓ ఏలు ఎక్కువుంచీసినాను," అన్నాడు అప్పన్న. మడమల కింద లారీ టైరు ముక్కలు మేకులతో కొట్టాడు. నడిస్తే ఎడమది కిర్రుమనేది, కుడిది ఊరుకునేది.

స్టేషన్లో బండి కదలబోతుంటే రత్నం కిటికీ దగ్గరికొచ్చింది.

"ఇదిగో, పని దొరక్కపోతే వచ్చీ. ఆళ్ళు నవ్వుతారు, ఈళ్ళు నవ్వుతారని అక్కడుండిపోకు. ఈ జోళ్ళు అరిగీదాకా తిరుగు. అరిగిపోనాయా, మరి ఒక్కరోజు తిరక్కు. బండెక్కీ."

దండలు వేసినవాళ్ళలో ఒక్కరూ నాకు ఆ మాట చెప్పలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజను పొగ అని చెప్పాను.

పిరయస్ రేవు

రేవులో నాకోసం ఏ మనిషీ రాలేదు. ఏజెంటు ఇచ్చిన చిరునామా పట్టుకుని వెళితే అక్కడ ఓడల ఆఫీసు లేదు, మంగలి షాపుంది. కాగితం చూపించబోయాను. మంగలాయన నా భుజం పట్టుకుని కుర్చీలో కూలేశాడు. వద్దు అనే మాట గ్రీకులో తెలియదు. ఉద్యోగం కోసం వెళ్ళి నున్నగా గెడ్డం గీయించుకుని బయటపడ్డాను. మా ఊళ్ళో నాలుగు గెడ్డాలకయ్యే డబ్బు ఆయన ఒక్క గెడ్డానికే తీసుకున్నాడు, పైగా నమస్కారం లాంటిదేదో పెట్టి పంపించాడు.

తాళ్ళు అమ్మే కొట్టు పైన ఒక గదిలో మంచం దొరికింది. గది నిండా నాలాంటి బాపతే, పని లేని ఓడవాళ్ళు. కింద హోటల్లో కాఫీ అడిగితే ఉగ్గుగిన్నెంత కప్పులో ఇచ్చారు. అడుగున ఉన్న మడ్డి తాగాలో వదిలెయ్యాలో తెలియక, వదిలేస్తే వాళ్ళు నొచ్చుకుంటారని చెంచాతో తీసుకుని తిన్నాను. పక్క బల్లవాళ్ళు తమ కాఫీలు ఆపి మరీ చూశారు. నల్లగా నిగనిగలాడుతున్న పళ్ళు పళ్ళెంలో పెడితే నేరేడు పళ్ళనుకుని నాలుగు ఒకేసారి నోట్లో వేసుకున్నాను. ఉప్పులో ఊరవేసిన ఆలివ్ కాయలవి. ఊరగాయని ఉత్తినే తినే జనం వాళ్ళు, అన్నం అడిగితే రొట్టె ఇస్తారు.

ఆ హోటల్లో మగవాళ్ళందరి చేతుల్లోనూ పూసల దండలు తిరుగుతుండేవి. జపం చేసుకుంటున్నారనుకున్నాను. ఎంత భక్తి, మా వన్ టౌన్ వాళ్ళు సిగ్గుపడాలి అని కూడా అనుకున్నాను. కాసేపటికి పూసలు తిప్పుతూనే ఇద్దరు పేకముక్కల దగ్గర కాలర్లు పట్టుకున్నారు. అవి ఊరికే వేళ్ళకి పని కోసమట. గట్టుమీద ఒకాయన ఆక్టోపస్‌ని పట్టుకుని చాకిరేవులో దుప్పటి బాదినట్టు రాతికేసి బాదుతున్నాడు. యారాడలో అది వలలో పడితే విసుక్కుని ఎరకి పక్కన పడేస్తాం. ఇక్కడ తీగమీద ఆరేసి, కాల్చి, చేపకన్నా ఎక్కువ ధరకి అమ్ముతారు. ఈ సంగతి మా ఫిషింగ్ హార్బర్‌లో చెబితే ఇప్పటికీ నమ్మరు.

రేవు ఒడ్డున ఒక బల్ల ఉండేది. పని లేనివాళ్ళంతా దానిమీద కూర్చునేవాళ్ళు. నా పక్కన రోజూ ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక బక్క మనిషి కూర్చునేవాడు. ఏ దేశమో తెలియదు. అతని బూట్లు రెండూ నోళ్ళు తెరుచుకుని ఉండేవి. వేయించిన సెనగలు కొని నాకు సగం పెట్టేవాడు. అతను అతని భాషలో ఏజెంట్లని తిట్టేవాడు, నేను నా భాషలో తిట్టేవాణ్ణి. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదు గానీ, ఇద్దరం ఒకే మనిషిని తిడుతున్నామని తెలుస్తుండేది.

అయిదు వేళ్ళు

ఓడల ఆఫీసులన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. మొదటి ఆఫీసులో వించి తిప్పినట్టు చేతులు తిప్పి చూపించాను. గుమాస్తాకి అర్థమైనట్టే ఉంది, ఎన్నేళ్ళు అన్నట్టు చూశాడు. అయిదేళ్ళ అనుభవం అని అరచెయ్యి చాచి, వేళ్ళు బాగా విప్పి, బల్ల అవతలున్న ఆయన మొహం ముందు పెట్టాను. ఆయన మొహం కందగడ్డలా అయింది. లేచి తలుపు చూపించాడు.

అయిదేళ్ళు చాలదు కాబోలనుకున్నాను. రెండో ఆఫీసులో పదేళ్ళని అబద్ధమాడదామని రెండు చేతులూ చాచాను. ఆయన రబ్బరు స్టాంపు తీసి నామీదికి విసిరాడు. అబద్ధాన్ని ఇంత బేగి ఎలా పట్టేశాడా అని ఆశ్చర్యపోతూ మూడో ఆఫీసులోనూ, నాలుగో ఆఫీసులోనూ కూడా చెప్పి చూశాను. ఆ దేశంలో అరచెయ్యి చాచి ఎదుటివాడి మొహానికేసి చూపించడం పచ్చి బూతని తర్వాత తెలిసింది. రెండు చేతులైతే బూతు మీద బూతు. ఒక్క పూటలో వీధి వీధంతటినీ తిట్టేసి వచ్చాను, అదీ ఉద్యోగం ఇమ్మని బతిమాలుతూ.

ఆ తర్వాత ఆ వీధిలోకి వెళితే గుమ్మాల్లోంచే తరిమేసేవాళ్ళు. చేతిలో డబ్బు పల్చబడింది. జోళ్ళు తిరగేసి చూసుకున్నాను. అప్పన్న కుట్టు గట్టిది, టైరు ముక్క ఇంకా గీత కూడా పడలేదు. అవి అరిగేలోగా నేనే అరిగిపోతానేమో అనిపించింది. భయమేసింది.

చర్చి గడప

ఆదివారం వచ్చింది. పని లేకపోయినా ప్రార్థన మానకూడదు కదా అని గంటలు మోగుతున్న చర్చికి వెళ్ళాను. మేం చర్చి బయట జోళ్ళు విడిచి లోపలికి వెళ్తాం. మా అమ్మా అయ్యా అలాగే వెళ్ళారు, నేనూ అలాగే వెళ్ళాను. జోళ్ళు గడప పక్కన జంటగా పెట్టాను. ఇక్కడ జనమంతా టకటకా బూట్లతోనే లోపలికి నడిచారు. మర్యాద తెలియనివాళ్ళు అనుకున్నాను. లోపల కూర్చోవడానికి చాపల్లేవు, పాటల పుస్తకాల్లేవు. అందరూ నిలబడి పటాల్ని ముద్దుపెట్టుకుంటున్నారు. నేను ఒక్కణ్ణే చిరిగిన మేజోళ్ళతో, బొటనవేలు బయటపెట్టుకుని చలిరాతి మీద గెంతుతున్నాను.

బయటికొస్తే జోళ్ళు లేవు.

మా వన్ టౌన్ చర్చి దగ్గర కూడా జోళ్ళు పోతాయి. పోతే అక్కడున్నవాటిలో మంచివి వేసుకుని వెళ్ళిపోవచ్చు. ఇక్కడ ఆ వీలు కూడా లేదు, విడిచింది నేనొక్కణ్ణే. మెట్లమీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. రత్నం పెట్టిన గడువు ఆ జోళ్ళ మీద ఉంది. అవి పోతే ఎప్పుడు వెనక్కి వెళ్ళాలో చెప్పేది కూడా లేదు.

గుమ్మం దగ్గర కొవ్వొత్తులు అమ్మే ఆవిడ వచ్చి ఏదో అడిగింది. పేరు కాటెరీనా అని తర్వాత తెలిసింది. నల్ల బట్టలు, నడివయసు. నా కాళ్ళు చూపించాను, గడప చూపించాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సంగతేమిటంటే, అక్కడ ఎవరైనా బీదవాళ్ళ కోసం బట్టలో బూట్లో ఇవ్వాలనుకుంటే చర్చి గడప పక్కన పెట్టి వెళ్తారట. కొత్త బూట్లు శుభ్రంగా జంటగా పెట్టి ఉండేసరికి ఏ పుణ్యాత్ముడో ఇచ్చాడనుకుని ఆవిడ ఒక బీదవాణ్ణి పిలిచి ఇచ్చేసింది. ఇదంతా ఆవిడ వీధిలో నటించి చూపించింది. ముందు నవ్వింది, తర్వాత నా బొటనవేలు చూసి కళ్ళు తుడుచుకుంది. చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి లాక్కెళ్ళింది.

తలుపు వెనక మగవాళ్ళ రబ్బరు బూట్లు ఒక జత ఉన్నాయి. దుమ్ము తుడిచి నాకు తొడిగింది. పక్కనే గోడమీద మీసాల మనిషి ఫొటో. ఆవిడ భర్త. పని వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్ళాడట. చేత్తో ఓడ వెళ్ళిపోయినట్టు చూపించింది. తిరిగి రావడం మాత్రం చూపించలేదు.

స్టావ్రో పడవ

నేనెందుకొచ్చానో వించి తిప్పినట్టు చేతులు తిప్పి చూపిస్తే, అక్కణ్ణుంచి నేరుగా రేవుకి తీసుకెళ్ళింది. ఆవిడ తమ్ముడు స్టావ్రోకి ద్వీపాలకి సరుకు మోసే చిన్న పడవ ఉంది, దానిమీద చిన్న వించి కూడా ఉంది. అక్కాతమ్ముళ్ళిద్దరూ గట్టుమీద దెబ్బలాడుకున్నారు. నాకు గ్రీకు రాదు, అయినా ఒక్క మాట కూడా పోలేదు. మా ఫిషింగ్ హార్బర్‌లో రోజూ వినే దెబ్బలాటే కాబట్టి నా భాషలో వేసుకుని విన్నాను.

"ఈ బాబు జోళ్ళు నాను ఎవలికో ఇచ్చీసినాను. పాపం నాకు సుట్టుకుంటాది. ఈడికి పనియ్యి."

"పాపం నీది, జీతం నాదేటి?"

"అమ్మ పోతూ నీకేటి సెప్పింది?"

"పెతీదానికీ అమ్మని తెత్తావేటి!"

అంతే, అమ్మ పేరొచ్చాక ఏ దేశంలోనైనా దెబ్బలాట ముగిసినట్టే. స్టావ్రో ఒక వేలు చూపించాడు. ఒక్క ప్రయాణం, ఆ తర్వాత నీ దారి నీది అని. ఒప్పుకుంటూ నేను చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు.

అయినా మొదటి పూటే పని పోయేంత పని చేశాను. మా అమ్మ తరఫువాళ్ళది యారాడ. అక్కడ చెప్పులతో పడవెక్కితే పెద్దవాళ్ళు వీపు చీరేస్తారు, చర్చికి వెళ్ళేవాళ్ళయినా సరే. అలవాటు కొద్దీ పడవ అంచున నిలబడి రబ్బరు బూట్లు విప్పి పక్కన పెట్టాను. పడవ ఊగింది. రెండు బూట్లూ నీళ్ళలో పడ్డాయి. ఒకటి వెంటనే మునిగింది, రెండోది కాసేపు ఆలోచించి మునిగింది.

ఒక్క రోజులో రెండు జతలు పోగొట్టుకున్నాను, అందులో రెండోది ఆవిడ మొగుడివి. నా పని అయిపోయిందనుకున్నాను. స్టావ్రో నీళ్ళకేసి చూశాడు, నా ఉత్తకాళ్ళు చూశాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. సిమెంటు బస్తాల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒకప్పుడు ఓడలమీద తిరిగిన మనిషి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు వచ్చు. తనకి ఆ బూట్ల మనిషంటే మొదట్నుంచీ పడదట. వాడి బూట్లు సముద్రంలో ముంచాలని ఎన్నోసార్లు అనుకున్నాడట, అక్కకి భయపడి ఊరుకున్నాడట. బావల మీద కోపం గ్రీసులో కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. తన పాత గుడ్డబూట్లు తెచ్చి నాకిచ్చాడు. అరచెయ్యి సంగతి చెప్పింది కూడా అతనే, అది విని ఇంకోసారి బస్తాల మీద పడ్డాడు.

ద్వీపంలో సిమెంటు, ఉల్లిపాయలు, చివర్న ఒక గాడిదని దించాం. గాడిదకి పొట్టకింద పట్టీ వేసి గాల్లోకి లేపితే అది గట్టుమీది జనాన్నందర్నీ తిడుతూ దిగింది. పట్టీ విప్పగానే నన్ను ఒక్క తన్ను తన్నింది. మధ్యాహ్నం స్టావ్రో చేపల్ని ఉప్పూ నిమ్మకాయతో ఉడికించి పెట్టాడు. మా ఇళ్ళల్లో బాలింతలకి పెట్టే పథ్యం అంతకన్నా కారంగా ఉంటుంది. అయినా తృప్తిగా తిన్నాను, సంపాదించుకున్న తిండి కదా. అనుభవం చూపిస్తే తరిమేశారు, ఉత్తకాళ్ళు చూపిస్తే పనిచ్చారు. ఒక్క ప్రయాణం అన్నది రెండేళ్ళయింది.

బూట్లు మునిగిన సంగతి కాటెరీనాకి నేనే చెప్పాను, సైగలతో. తిడుతుందనుకున్నాను. ఆవిడ తలుపు వెనక ఖాళీ అయిన చోటుకేసి చూసింది. తర్వాత అక్కడ చీపురు తెచ్చి పెట్టింది. నాకు రత్నం గుర్తొచ్చింది.

ఎర్ర టోపీ

కొన్ని వారాల తర్వాత రేవు ఒడ్డున బల్లమీద ఎర్ర టోపీ మనిషి కనిపించాడు. నన్ను చూసి సంతోషంగా లేచొచ్చాడు. ఎడమ కాలు కిర్రుమంది. కిందికి చూస్తే అప్పన్న జోళ్ళు.

తనకి అవి చాలా నచ్చాయి. ఒక్కో కాలూ ఎత్తి మడమ కింద టైరు ముక్క చూపించాడు. చర్చి వైపు చూపించి ఆకాశానికి దణ్ణం పెట్టాడు. నావి అని చెప్పడానికి నాకు భాష లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాను, అతను ఇంకా పని వెతుక్కుంటున్నాడు. చాలా బాగున్నాయని తల ఊపి, ఆ పూట సెనగలు నేనే కొన్నాను.

నేను తిరుగు ప్రయాణం కట్టిన వారం కాటెరీనా కొవ్వొత్తుల పెట్టె వెనక నుంచి ఒక మూట తీసి ఇచ్చింది. అవే జోళ్ళు. ఎర్ర టోపీకి చివరికి ఓడ దొరికిందట. కొత్త బూట్లు కొనుక్కుని, వీటికి రంగు పూసి, తనకి దొరికిన గడప పక్కనే జంటగా పెట్టి వెళ్ళాడు. అతని పాదాల కొలతకి తోలు సాగిపోయింది. అడుగులు పూర్తిగా అరిగిపోయాయి, టైరు ముక్కల్లో మేకులు తేలాయి.

మళ్ళీ వన్ టౌన్

ఇంటికి చేరేసరికి యాకోబు బావ కొత్త చొక్కాతో కూర్చుని ఉన్నాడు. స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాయి, అతనికి అందులో ఉద్యోగం దొరికింది.

"మేకలు రిటైరైపోనాయి బావా. నాను సేరిపోనాను," అన్నాడు.

పెట్టె విప్పి తెచ్చినవన్నీ పంచాను. రత్నం వేటినీ ముట్టుకోలేదు. అడుగున ఉన్న జోళ్ళు తీసి తిరగేసింది. వేలితో అడుగు తడిమింది.

"అరిగిపోనాయి కదా. మరి రాలేదేటి?"

చర్చి గడప నుంచి ఎర్ర టోపీ దాకా అంతా చెప్పాను. అరిగింది నా కాళ్ళ కింద కాదు అన్నాను. రబ్బరు బూట్లు మునిగిన చోట నవ్వింది. తలుపు వెనక చీపురు పెట్టిన చోట నవ్వలేదు.

"పని బాగుందని ఉత్తరాల్లో రాసీవోడివి. జోళ్ళ సంగతి ఎప్పుడూ రాయలేదు. ఎంత గట్టివైనా ఏడాదికి అరిగిపోతాయి, వచ్చీస్తావనుకున్నాను. అప్పట్నుంచీ రోజూ ఓ గుప్పెడు బియ్యం ఎక్కువేత్తన్నాను."

యాకోబు బావ తల దించుకున్నాడు. ఆ గుప్పెడు ఇన్నాళ్ళూ ఎవరు తిన్నారో అతని కొత్త చొక్కా గుండీలు చూస్తే తెలుస్తోంది. రత్నం కంచం పెట్టింది. నేను జోళ్ళు తీసుకెళ్ళి గడప బయట జంటగా పెట్టి వచ్చి, అన్నానికి కూర్చున్నాను.